ఆట నేర్పే విద్య

అనంతపురం జిల్లాలో బుక్కరాయసముద్రం పెద్ద చెరువుగల గ్రామం. పదునాలుగవ శతాబ్దిలో, విజయనగర ప్రభువైన బుక్కరాయల కాలంలో ఈ చెరువు వెలసింది. చెరువుకు ఒక కొసన బుక్కరాయసముద్రం, మరొక కొసన అనంతపురం పెరిగాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటుఇటుగా మాత్రమే వాన కురిసే ఈ మెట్ట సీమలో చెరువు నిండిన సంవత్సరం పండుగ వంటిది. నిండని సంవత్సరాలూ ఎన్నో ఉన్నాయి.

నీరున్న కాలంలో పల్లె పిల్లలు ఈత నేర్చుకొనే పద్ధతి ఒకటున్నది. ఎండిన సొరకాయ బుర్రలో, తేలికైన బెండ్లో వీపునకు కట్టి, పెద్దవాడొకడు మోకు పట్టుకొని పిల్లవాణ్ణి బావిలోకి దింపుతాడు. మొదట మూడు నాలుగు బెండ్లు కడతారు. కాళ్ళు చేతులు ఆడించడం మరిగిన కొలది ఒక్కొక్క బెండే విప్పివేస్తారు. చివరకు ఒకనాడు బెండూ ఉండదు, మోకూ ఉండదు. పిల్లవాడు మాత్రం తేలుతూనే ఉంటాడు.

ఈ చిన్న పద్ధతిలో రెండు పెద్ద విషయాలు ఇమిడి ఉన్నాయి. బెండు ఎప్పుడు కట్టాలి, ఎప్పుడు విప్పాలి అన్న తెలివి ఒకటి. మోకు పట్టిన చేతిమీద పిల్లవానికి గల నమ్మకం రెండవది. మొదటిది మానవుడు ఎట్లా నేర్చుకొంటాడు అన్న శాస్త్రానికి సంబంధించినది. రెండవది మనిషికీ మనిషికీ ఉండే సంబంధానికి చెందినది. క్రీడాశిక్షణ అనేది ఈ రెండు కాళ్ళమీద నిలబడే విద్య. ఒక కాలు కుంటుపడితే రెండవది ఎంత బలంగా ఉన్నా నడక సాగదు. ఈ సంగతి తెలిసికొనడానికి శాస్త్రజ్ఞులకూ, శిక్షకులకూ నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ కథ తెలిసికొనదగినది.

తాలింఖానా నుండి డ్రిల్లు వరకు

మన దేశంలో శరీరవిద్య కొత్తది కాదు. సాము గరిడీలు, మల్లయుద్ధం, కర్రసాము నేర్పే తాలింఖానాలు తెలుగునాట ఎన్నో ఊళ్ళలో ఉండేవి. అక్కడ ఉస్తాదు మాటే వేదం. శిష్యుడు గురువును చూచి నేర్చుకొనేవాడు. ఎందుకని అడిగే ఆచారం లేదు. అయినా ఆ విద్యలో ఒక మేలున్నది. గురువుకు శిష్యుడి ఇల్లు, తిండి, ఒంటితీరు అన్నీ తెలుసు. ఎవనికి ఎన్ని బస్కీలు చెప్పాలో లెక్క పుస్తకంలో ఉండేది కాదు, శిష్యుని ముఖంలో కనబడేది.

ఇంగ్లీషువారి పాలనలో పాఠశాలలు వెలసినప్పుడు తాలింఖానా స్థానంలో డ్రిల్లు వచ్చింది. చాలాచోట్ల సైన్యంలో పనిచేసి వచ్చినవారే డ్రిల్లు మాస్టర్లయ్యారు. వరుసలో నిలబడడం, ఒక్కసారిగా చేయి ఎత్తడం, ఒక్కసారిగా దించడం – ఇదే శరీరవిద్య. నూరుమంది పిల్లలు ఒకే కొలతకు కదలాలి. ఇక్కడ ఉస్తాదుకుండిన చనువు పోయింది. దాని స్థానంలో శాస్త్రమూ రాలేదు. ఈల మిగిలింది, బెత్తం మిగిలింది.

ఈ స్థితిని మార్చడానికి జరిగిన గట్టి ప్రయత్నాలలో ఒకటి మద్రాసులో మొదలైంది. 1920లో హారీ క్రో బక్ అనే అమెరికను అక్కడ వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను నెలకొల్పాడు. ఇట్టి కళాశాలలలో ఆసియాలో ఇదే మొదటిదని పేరు. అనంతపురం జిల్లా నాడు మద్రాసు రాజధానిలోనిదే. డ్రిల్లు మాస్టరు ఉపాధ్యాయుడు కావాలంటే అతడు శరీరశాస్త్రం చదవాలి, పిల్లల మనస్సునూ చదవాలి అన్న భావం దక్షిణదేశంలో ఈ విధంగా నాటుకొన్నది. స్వాతంత్ర్యానంతరం 1953లో రాజకుమారి అమృతకౌర్ శిక్షణ పథకం, 1957లో గ్వాలియరులో లక్ష్మీబాయి వ్యాయామ కళాశాల, 1961లో పటియాలాలో జాతీయ క్రీడాసంస్థ వచ్చాయి. శిక్షకుని పని ఒక వృత్తిగా గుర్తింపు పొందింది.

అయితే శిక్షకుడు చదవవలసిన ఆ మనశ్శాస్త్రం ఎక్కడ పుట్టింది? చిత్రమేమంటే, అది ఆటస్థలంలో పుట్టలేదు. తంతి కార్యాలయంలోనూ, పిల్లుల పెట్టెలోనూ పుట్టింది.

నేర్చుకొనే దారిలో పీఠభూమి

1897లో అమెరికాలో బ్రయన్, హార్టర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు తంతి గుమాస్తాలు పని నేర్చుకొనే తీరును పరిశీలించారు. వారం వారం వారి వేగాన్ని కొలిచి గీతగా గీశారు. తంతి పంపే నేర్పు క్రమంగా పెరుగుతూ పోయింది. తంతి వినే నేర్పు మాత్రం కొంత పెరిగి, ఆ తరువాత వారాల తరబడి ఒకేచోట నిలిచిపోయింది. గుమాస్తా ఎంత శ్రమించినా గీత పైకి లేవదు. ఆ పిమ్మట ఒకనాడు ఉన్నట్టుండి మళ్ళీ లేస్తుంది. గీతలోని ఈ చదును భాగానికి వారు పీఠభూమి అని పేరు పెట్టారు.

పీఠభూమి అంటే అనంతపురం వారికి ఒకరు చెప్పనక్కరలేదు. పైకి బీడుగా కనిపించినా లోపల ఏదో జరుగుతూనే ఉంటుంది. మొదట గుమాస్తా ఒక్కొక్క అక్షరమే వింటాడు. కొంతకాలానికి మాట మొత్తం ఒక్కటిగా వినిపిస్తుంది. మరికొంత కాలానికి వాక్యభాగమే ఒక్కటిగా వినిపిస్తుంది. అక్షరాలు మాటగా కూడుకొనే ఆ కాలమే పీఠభూమి అని ఆ శాస్త్రజ్ఞులు వివరించారు. అన్ని విద్యలలోనూ ఇట్టి పీఠభూమి తప్పక వస్తుందని తరువాతివారు అంగీకరించలేదు. కాని ఎదుగుదల ఎప్పుడూ ఒకే వేగంతో సాగదన్న మాట మాత్రం నిలిచింది.

ఆటస్థలంలో దీని విలువ గొప్పది. పరుగు నేర్చే బాలిక మూడు నెలలు చకచకా ఎదిగి, నాలుగవ నెల నిలిచిపోయిందనుకొందాం. శాస్త్రం తెలియని శిక్షకుడు సోమరితనం అంటాడు, లేదా ఇంతే దీని శక్తి అని వదిలివేస్తాడు. తెలిసినవాడు ఓపిక పడతాడు, సాధనలో మార్పు తెస్తాడు, ఆమెకు ధైర్యం చెబుతాడు. ఎందరో పిల్లలు ఆట మానివేసేది ఈ చదునునేలమీదనే.

1898లో థార్న్‌డైక్ అనే మరొక అమెరికను శాస్త్రజ్ఞుడు ఆకలిగొన్న పిల్లులను పెట్టెలలో ఉంచి, అవి గడియ తీసికొని బయటికి వచ్చే తీరును పరీక్షించాడు. మొదట పిల్లి గీరుతుంది, కొరుకుతుంది, అటూ ఇటూ తిరుగుతుంది. పొరపాటున గడియ తగిలి తలుపు తెరుచుకొంటుంది. అదే పెట్టెలో మళ్ళీ మళ్ళీ ఉంచితే పనికిరాని చేష్టలు తగ్గి, పనికివచ్చేది నిలుస్తుంది. మేలు కలిగించిన చేష్ట నాటుకొంటుందనీ, కలిగించనిది రాలిపోతుందనీ అతడు ఒక సూత్రం చెప్పాడు. నేటికీ క్రీడాశిక్షణలో ఇదొక మూలసూత్రం.

మరి పిల్లలు పిల్లుల వలె తడుముకొంటూనే నేర్చుకోవాలా? వివరించి చెబితే లాభం లేదా? ఈ ప్రశ్నకు 1908లో జడ్ అనే శాస్త్రజ్ఞుడు అందమైన ప్రయోగంతో సమాధానం ప్రకటించాడు. నీటి అడుగున ఒక గురి ఉంచి బాలురచేత బాణపు ములుకులు విసిరించాడు. నీటిలోని వస్తువు అది ఉన్నచోట గాక మరొకచోట ఉన్నట్లు కనిపిస్తుంది. కాంతి కిరణం నీటిలో వంగడమే దీనికి కారణం. కొందరు బాలురకు ఈ కారణం ముందుగా చెప్పాడు, కొందరికి చెప్పలేదు. పన్నెండంగుళాల లోతులో మొదట ఇద్దరూ సమానంగానే నేర్చుకొన్నారు. కారణం తెలిసినందువల్ల లాభమేమీ కనిపించలేదు. తరువాత నీటి లోతు నాలుగంగుళాలకు తగ్గించాడు. కారణం తెలియని బాలురు పాత అలవాటునే పట్టుకొని తడబడ్డారు. తెలిసినవారు త్వరలోనే సర్దుకొన్నారు. నేర్పు ఒక్క పరిస్థితికే కట్టుబడకుండా ఉండాలంటే సాధనతోపాటు అవగాహన కూడా కావాలన్నమాట. తాలింఖానాలో వినపడని "ఎందుకు" అన్న ప్రశ్నకు ఇక్కడ గౌరవం లభించింది.

తప్పు ఎంతో తెలియాలి

1927లో థార్న్‌డైక్ మరొక ప్రయోగం ప్రకటించాడు. కళ్ళకు గంతలు కట్టి, ఫలానా పొడవు గీత గీయమని మనుషులను కోరాడు. ఏమీ చెప్పకుండా వందలకొద్దీ గీతలు గీయించినా వారికి నేర్పు రాలేదు. సరియైనదో కాదో చెప్పగానే గురి కుదరసాగింది. 1932లో ట్రోబ్రిడ్జి, కాసన్ అనేవారు ఒక మెట్టు ముందుకు వెళ్ళారు. ఒక జట్టుకు ఏమీ చెప్పలేదు. ఒక జట్టుకు అర్థంలేని శబ్దం వినిపించారు. ఒక జట్టుకు తప్పో ఒప్పో చెప్పారు. చివరి జట్టుకు గీత ఎంత ఎక్కువైనదో, ఎంత తక్కువైనదో కొలిచి చెప్పారు. అందరికంటె బాగా నేర్చుకొన్నది చివరి జట్టే.

కేవలం చేయగా చేయగా విద్య రాదు. చేసినదాని ఫలితం తెలిస్తేనే వస్తుంది. మైదానంలో "బాగా ఆడు, బాగా ఆడు" అని అరవడం ఆ అర్థంలేని శబ్దంతో సమానం. "బంతి విడిచేటప్పుడు మోచేయి వంగుతున్నది" అన్న మాట ఒక్కటే పాఠం.

కాని ఆ మాట ఎవరు చెబుతున్నారు, ఎట్లా చెబుతున్నారు అన్నది కూడా లెక్కకు వస్తుంది. ఈ సత్యం ఒక గొప్ప పండితునికి చేదుగా అనుభవమైంది.

శాస్త్రం తెలిసీ నెగ్గని పండితుడు

కోల్మన్ గ్రిఫిత్ అనే ఆచార్యుడు 1925లో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో క్రీడలకోసం మనశ్శాస్త్ర ప్రయోగశాల నెలకొల్పాడు. మరుసటి సంవత్సరం శిక్షణ మనశ్శాస్త్రాన్ని గురించి గ్రంథం వ్రాశాడు. ఆర్థికమాంద్యం వచ్చి 1932లో ప్రయోగశాల మూతపడింది. 1938లో షికాగో కబ్స్ అనే బేస్‌బాల్ జట్టు యజమాని రిగ్లీ ఆయనను పనిలోకి తీసికొన్నాడు. గ్రిఫిత్ ఆటగాళ్ళ కదలికలను చలనచిత్రాలు తీశాడు, నేర్పును కొలిచాడు. ఆటలో ఎదురయ్యే పరిస్థితులలోనే సాధన చేయించాలని నివేదికలు వ్రాశాడు. నేటి శాస్త్రజ్ఞులు ఆ సలహాను తప్పు పట్టరు.

అయినా అది అమలు కాలేదు. జట్టును నడిపే శిక్షకులకు ఈ బయటి పండితుడు గిట్టలేదు. తమ పనిలో తప్పులెన్నడానికి యజమాని పంపిన మనిషిగానే ఆయనను చూచారు. ఆ నివేదికలు కాగితాలమీదనే నిలిచిపోయాయి. బెండ్లు కట్టడం, విప్పడం తెలిసినా మోకు పట్టిన చేయి నమ్మకం కలిగించలేకపోయిందన్నమాట.

ఆ నమ్మకాన్నికూడా కొలవవచ్చునా? అదే కాలంలో కుర్ట్ లెవిన్, రొనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్ అనే ముగ్గురు అందుకు పూనుకొన్నారు. 1939లో ప్రకటించిన వారి పరిశోధన ప్రసిద్ధమైనది. పదేళ్ళ వయస్సు బాలురను చిన్న చిన్న సంఘాలుగా చేసి వేడుక ముఖాలు తయారుచేయడం వంటి పనులు ఇచ్చారు. ఒక పెద్ద అన్నీ తానే శాసించాడు. ఒక పెద్ద పిల్లలతో కలిసి ఆలోచించి నిర్ణయించాడు. మరొకడు ఏమీ పట్టించుకోక వదిలివేశాడు. శాసించేవాడు ఎదుట ఉన్నంతసేపు పని బాగానే సాగింది. అతడు గదిదాటి వెళ్ళగానే పని కుంటుపడింది. పిల్లలలో కొందరు చెలరేగి ఒకరిమీద ఒకరు పడ్డారు, కొందరు మందకొడిగా మారారు. కలిసి నిర్ణయించిన సంఘంలో మాత్రం పెద్ద వెళ్ళినా పని ఆగలేదు.

పోటీ మొదలైన తరువాత శిక్షకుడు గీతకు అవతల నిలబడవలసినవాడే. అతడు లేని క్షణంలో ఆటగాడు ఏమి చేస్తాడన్నదే శిక్షణకు పరీక్ష. ఇట్టి పరీక్షలో ఆరితేరిన గురువు మన తెలుగు గడ్డమీదనే, హైదరాబాదులో ఉన్నాడు.

బడిపంతులు రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో జన్మించాడు. ఉస్మానియాలో పట్టభద్రుడై నగరంలోని పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. పేరు "రహీం సాహెబ్". పని పిల్లలకు పాఠం చెప్పడం. 1940వ దశకంలో హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు ఆయన చేతికి వచ్చింది. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు రోవర్స్ కప్పు గెలుచుకొన్నది. భారత జట్టుకు కూడా ఆయనే శిక్షకుడయ్యాడు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో భారతదేశం ఇరానును ఓడించి బంగారు పతకం గెలిచింది.

మరుసటి సంవత్సరమే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఘోరంగా ఓడింది. మన ఆటగాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతో ఆడారు. ఎండలో ఎండిన నేలకు అలవాటుపడిన నేర్పు ఆ చలిదేశపు తడిపచ్చికమీద పనికిరాలేదు. జడ్ ప్రయోగంలో నీటి లోతు మారినప్పుడు బాలురకు కలిగిన చిక్కే ఇక్కడా కలిగింది. రహీం ఓటమిని పాఠంగా తీసికొన్నాడు.

ఆయన హైదరాబాదులో నడిపిన పోటీలు చూస్తే ఉపాధ్యాయుని తెలివి కనిపిస్తుంది. కొన్ని పోటీలలో బంతిని కాలితో నడిపించుకొంటూ పోరాదు. అందిన వెంటనే తోటివానికి ఇవ్వాలి. కొన్నిటిలో వాటమైన కాలితో గాక రెండవ కాలితోనే తన్నాలి. "బంతి ఒక్కడివే పెట్టుకోకు" అని నూరుసార్లు చెప్పడానికి బదులు, పెట్టుకొనే వీలులేని ఆటను కల్పించాడు. నోటితో చెప్పవలసిన పాఠాన్ని ఆట నియమమే చెప్పింది. ఇట్టి పద్ధతిని శాస్త్రజ్ఞులు నేడు ఎంతో మెచ్చుకొంటారు. ఈ సాధన వృథా పోలేదు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగవ స్థానం పొందింది.

రహీం కళ్ళు ఆటనేగాక ఆటగాణ్ణి కూడా చూచేవి. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం అనే పేదబాలునిలోని ప్రజ్ఞను ఆయన గుర్తించాడు. మైదానం దూరం, బాలుని వద్ద డబ్బు లేదు. రాకపోకల ఖర్చు రహీం సర్దుబాటు చేసినట్లు చెప్పుకొంటారు. ఆ బాలుడే మెల్బోర్న్‌లోనూ, తరువాత 1960 రోమ్ ఒలింపిక్స్‌లోనూ భారతదేశం పక్షాన ఆడాడు.

1962 జకార్తా ఆసియా క్రీడలు రహీం జీవితంలో చివరి ఘట్టం. అప్పటికే ఆయన ఊపిరితిత్తుల కాన్సరుతో బాధపడుతున్నాడు. మొదటి ఆటలో దక్షిణకొరియా 2–0తో మనవారిని ఓడించింది. పిమ్మట థాయిలాండు, జపాను, దక్షిణవియత్నాంలను గెలిచి భారత జట్టు తుదిపోటీకి చేరింది. ఎదుట మళ్ళీ దక్షిణకొరియాయే. రాజకీయ కారణాలవల్ల భారతీయులమీద ఆగ్రహంతో ఉన్న లక్షమంది ప్రేక్షకులు స్టేడియంలో ఉన్నారు. పోటీపడేవారు పక్కన ఉండగా కొందరు మించి చేయగలరనీ, మరికొందరు తడబడతారనీ ట్రిప్లెట్ అనే శాస్త్రజ్ఞుడు 1898లోనే గమనించాడు. సైకిలు పందెగాళ్ళ లెక్కలు చూచి, పిల్లలచేత రాట్నం వంటి చిన్న యంత్రాన్ని త్రిప్పించి ఆయన ఈ సంగతి కనుగొన్నాడు. ఆనాడు మనవారు తడబడతారా, మించుతారా అన్నదే ప్రశ్న.

డిఫెండరైన జర్నైల్ సింగు తలకు అంతకుముందే గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతణ్ణి ముందువరుసకు మార్చాడు. పోటీకి ముందు తన పిల్లలవంటి ఆటగాళ్ళను దగ్గరకు పిలిచి, వారినుండి ఒక కానుక కోరుతున్నాననీ, అది బంగారు పతకమనీ చెప్పినట్లు ఆటగాళ్ళు తరువాత జ్ఞాపకం చేసుకొన్నారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, కుట్లతోనే ఆడిన జర్నైల్ సింగు ఒక గోలు చేశారు. భారతదేశం 2–1తో గెలిచింది. 1963 జూన్‌లో రహీం మరణించాడు. ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ బంగారు పతకం భారతదేశానికి ఆ తరువాత రాలేదు.

ఆ కోరిక మరొకరు కోరితే వట్టి మాట అయి ఉండేది. ఇరవై ఏళ్ళ సాధన, సానుభూతి దాని వెనుక ఉండబట్టి అది పని చేసింది.

సమ్మెట దెబ్బ

రహీం మైదానంలో చేసినదానికి ప్రయోగశాలలో ఆధారాలు క్రమంగా లభించాయి. 1920 ప్రాంతాలలో మాస్కోలో బెర్న్‌స్టెయిన్ అనే శాస్త్రజ్ఞుడు ఆరితేరిన పనివారు సుత్తితో ఉలిమీద కొట్టే తీరును ఫొటోలు తీసి కొలిచాడు. ప్రతి దెబ్బా ఉలిమీదనే పడింది. కాని భుజం, మోచేయి, మణికట్టు ఏ రెండుసార్లూ సరిగా ఒకే విధంగా కదలలేదు. ఊరి కమ్మరి కొలిమి వద్ద నిలబడి చూచినా ఇది తెలుస్తుంది. నేర్పరి ఒకే కదలికను మళ్ళీ మళ్ళీ చేయడు. ఒకే పనిని ప్రతిసారీ కొత్తగా సాధిస్తాడు. నూరుమందిని ఒకే కొలతకు కదలించిన డ్రిల్లులోని లోపం ఇక్కడ బయటపడింది.

1979లో షియా, మోర్గన్ అనేవారు మరొక విశేషం చూపించారు. మూడు రకాల కదలికలను ఒకదాని తరువాత ఒకటి పూర్తిచేస్తూ సాధన చేసినవారు నేర్చుకొనేటప్పుడు బాగా కనిపించారు. మూడింటిని కలగాపులగంగా సాధన చేసినవారు అప్పుడు తడబడ్డారు. కాని కొన్నాళ్ళ తరువాత పరీక్షిస్తే కలగాపులగంగా నేర్చినవారే మేలనిపించారు. సాధనలో నునుపుగా సాగడం వేరు, నేర్చుకొనడం వేరు. తడబాటును ఓర్చుకొనే గురువు కావాలి. తడబడినా నవ్వరన్న ధైర్యం శిష్యునికి కావాలి. ఇక్కడ కూడా శాస్త్రం సంబంధాన్నే కోరుతున్నది.

బెండ్లు విప్పే పద్ధతికి సరిపోయే భావన కూడా శాస్త్రంలో ఉన్నది. రష్యాదేశపు విగోత్‌స్కీ పిల్లవాడు ఒంటరిగా చేయగలదానికీ, పెద్దల సాయంతో చేయగలదానికీ మధ్యనున్న జాగాలోనే విద్య జరుగుతుందన్నాడు. 1976లో బ్రూనరు, అతని సహచరులు ఆ సాయాన్ని ఇల్లు కట్టేటప్పుడు వేసే సారవతో పోల్చారు. గోడ నిలిచాక సారవ విప్పవలసినదే.

పొగడ్త ఎంత, తిట్టు ఎంత?

అయితే మంచి సంబంధమంటే ఎప్పుడూ పొగడడమా? అమెరికాలో జాన్ వుడెన్ అనే బాస్కెట్‌బాల్ శిక్షకుని జట్టు 12 సంవత్సరాలలో 10 సార్లు జాతీయ విజేత అయింది. 1970వ దశకంలో థార్ప్, గాలిమోర్ అనేవారు ఆయన సాధన సమయంలో చెప్పే ప్రతి మాటనూ లెక్కవేశారు. పొగడ్తలు నూటికి సుమారు 7. తిట్లు కూడా దాదాపు అంతే. సగానికి పైగా మాటలు ఏమి చేయాలో, ఎట్లా చేయాలో చెప్పే సూటి పాఠాలే. ప్రేమ ఉన్నచోట కూడా బోధన బోధనగానే సాగాలి.

కటువుదనానికీ చోటున్నది. 2016లో రియో ఒలింపిక్స్‌కు ముందు పి.వి. సింధు చేతి ఫోనును మూడు నెలలపాటు గురువు పుల్లెల గోపీచంద్ తీసి ఉంచాడు. ఆమె బాడ్మింటన్‌లో వెండి పతకం గెలిచింది. ఆ కఠిననియమాన్ని ఆమె సహించింది. అది తన మేలుకేనన్న నమ్మకం లేనిచోట అదే నియమం పగగా మారి ఉండేది.

చిన్నపిల్లల విషయంలో ఈ తూకం మరింత ముఖ్యం. 1992లో బార్నెట్, స్మోల్, స్మిత్ అనే పరిశోధకులు బాలుర బేస్‌బాల్ శిక్షకులలో కొందరికి కొద్ది గంటలు మాత్రమే పాఠం చెప్పారు. ప్రయత్నాన్ని మెచ్చుకొనండి, తప్పు చేసినవానికి ధైర్యం చెప్పి సరిదిద్దండి, అవమానించకండి – ఇదే సారాంశం. గెలుపు ఓటముల లెక్కలో ఈ జట్లకూ, పాఠం లేని జట్లకూ తేడా రాలేదు. తేడా మరుసటి సంవత్సరం తెలిసింది. పాఠంలేని శిక్షకుల వద్ద నూటికి 26 మంది బాలురు ఆట మానివేశారు. పాఠం నేర్చినవారి వద్ద మానినవారు 5 మంది మాత్రమే. శిక్షకుని నోటిమాట కప్పును తెచ్చినా తేకపోయినా పిల్లవాణ్ణి మైదానంలో నిలబెడుతుంది, లేదా ఇంటికి పంపుతుంది.

మెట్ట సీమలో మైదానాలు

అనంతపురం వంటి కరవుసీమలో ఈ లెక్కకు మరింత బరువున్నది. ఇక్కడ పిల్లవాడు ఆట మానడానికి కారణాలు వెదకనక్కరలేదు. పంట పోతే వలస పోవాలి; ఇంటిపని ఉంటుంది; ఆడపిల్లకు ఆట ఎందుకన్న మాట ఉంటుంది. ఇన్ని లాగుళ్ళకు ఎదురుగా పిల్లను మైదానంలో పట్టి ఉంచగలిగింది ఒక్కొక్కసారి శిక్షకుని మీది నమ్మకమే.

1969లో విన్సెంట్ ఫెర్రర్ ఈ జిల్లాలో గ్రామీణాభివృద్ధి ట్రస్టు స్థాపించాడు. జనం నోట అది ఆర్డీటీ. ఆయన 2009లో మరణించాడు. బడులు, ఆసుపత్రులు, ఇళ్ళ నిర్మాణంతోపాటు ఆ సంస్థ ఆటస్థలాలను కూడా చేపట్టింది. చెరువుకు ఆవలి కొసనున్న అనంతపురంలో క్రికెట్, ఫుట్‌బాల్, హాకీ మొదలైన ఆటలకు మైదానాలు, శిక్షణ ఏర్పాట్లు వెలిశాయి. 2010లో స్పెయిను దేశపు టెన్నిస్ వీరుడు రఫయేల్ నాదల్ పేరిట గల సంస్థ అక్కడ టెన్నిస్ పాఠశాల తెరిచింది. ఆ పాఠశాలలో రాకెట్టు పట్టడంతోపాటు ఇంగ్లీషు, కంప్యూటరు పాఠాలు కూడా చెప్పారు. తిండిని గురించి కూడా శ్రద్ధ తీసికొన్నారు. టెన్నిస్ వీరుణ్ణి తయారుచేయడమొక్కటే అక్కడి ఉద్దేశం కాదన్నమాట.

నార్పల మండలం బండ్లపల్లికి చెందిన బారెడ్డి అనూష ఆర్డీటీ వారి క్రికెట్ శిక్షణలో ఎదిగిన బాలిక. 2023 జూలైలో ఆమె బంగ్లాదేశ్‌లో భారత మహిళల జట్టు పక్షాన ఆడింది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ పోటీలు అనంతపురంలోని ఆర్డీటీ స్టేడియంలో జరిగాయి. దేశంలోని మేటి ఆటగాళ్ళను ఆ సీమ పిల్లలు ఇంటి ముంగిట చూడగలిగారు. చూచి నేర్చుకొనడం కూడా విద్యలో ముఖ్యభాగమని 1960వ దశకంలో బందూరా అనే శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. తనవంటి వారు చేయగా చూచినప్పుడు తానూ చేయగలనన్న ధైర్యం పుడుతుంది. దూరదేశపు వీరుని చిత్రపటం కంటె, పొరుగూరి అమ్మాయి ఒక్కతె భారత జట్టు చొక్కా తొడుక్కొనడం పల్లె బాలికకు పెద్ద పాఠం.

తెలంగాణాలో ఇటీవలి ఉదాహరణ మరొకటున్నది. వరంగల్లు జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజికి పుట్టుకనుండి బుద్ధివికాసంలో కొంత లోపమున్నది. ఊరివారి ఎగతాళికి గురి అయిన ఈ బాలిక పరుగును శిక్షకుడు నాగపురి రమేష్ గుర్తించాడు. హైదరాబాదుకు రావడానికి బస్సు చార్జీ కూడా లేని కుటుంబం అది. ఆయన పూనికతో ఆమెకు శిక్షణ లభించింది. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో ఆమె కంచు పతకం గెలిచింది. నేర్చుకొనే తీరు అందరికీ ఒకటి కాదు. నేర్పే తీరు దానికి తగినట్లు మారవలసినది గురువే. అమ్ముగూడ బలరాం మొదలు కల్లెడ దీప్తి వరకు డెబ్బై ఏళ్ళలో శాస్త్రం ఎంతో పెరిగింది, గడియారాలు మారాయి, నేలలు మారాయి. గురువు మొదట తీర్చవలసివచ్చిన సమస్య మాత్రం దారి ఖర్చే.

పల్లెటూరి పాఠశాలలో వ్యాయామోపాధ్యాయునికి ప్రయోగశాల లేకపోవచ్చును. కొలిచే యంత్రాలు లేకపోవచ్చును. అయినా ఈ నూరేళ్ళ చరిత్రలోని పాఠాలకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. తప్పు ఎంతో సూటిగా చెప్పడం, కారణం వివరించడం, సాధనలో మార్పులు కల్పించడం, ఎదుగుదల ఆగినప్పుడు ఓపిక పట్టడం, పిల్లవాడు ఈవేళ ఎందుకు రాలేదో వాకబు చేయడం – ఇవి చాలు. నీరు వచ్చిన సంవత్సరం బుక్కరాయసముద్రం పిల్లవాడు బావిలో దిగేటప్పుడు మోకు పట్టిన పెద్దవానికి ఇవన్నీ తెలుసు. అతడు చదివిన పుస్తకాలేవీ లేవు. పిల్లవాని కాళ్ళమీద ఒక కన్ను, ముఖంమీద ఒక కన్ను ఉంచి, ఏ బెండు ఏనాడు విప్పాలో చూచుకొంటాడు.